రామానుజన్ పట్టికలో లేని వరస

పోయిన డిసెంబర్ 22న, గణిత దినోత్సవానికి, ఒక చార్టు రాసుకుని బడికి పట్టుకెళ్లాను. మూడు డ్రాయింగ్ షీట్లు ఒకదానికొకటి అతికించి, వాటి మీద 102 వరసలు రాశాను. కారణాంకాలు బాగా ఎక్కువున్న సంఖ్యలతో రామానుజన్ 1915లో అచ్చు వేయించిన పట్టిక అది. ఒక్కచోట మాత్రం రెండు వరసల మధ్య ఖాళీ వదిలి, అందులో ఎర్ర స్కెచ్‌తో 293318625600 అని రాశాను. దాని పక్కనే చిన్న అక్షరాలతో, "ఇది రామానుజన్ పట్టికలో లేదు. కానీ ఉండాలి. ఎందుకుండాలో కనుక్కోండి" అని పెట్టాను.

చార్టు గోడ మీద గంటసేపు కూడా లేదు. నాకంటే పెద్దాయన ఒకరు దాన్ని చదివి, "అదేంటి మాస్టారూ, రామానుజన్ తప్పు చేశాడని పిల్లలకి చెప్తామా? అదీ ఆయన పుట్టినరోజున?" అన్నారు. కోపంతో అన్న మాట కాదు. నిజంగానే బాధపడ్డారు. ఆయన మాట కాదనలేక చార్టు చుట్టేసి ఇంటికి తెచ్చేసుకున్నాను. ఆ గోడ మీద 1729 పోస్టర్ అంటించారు.

ఆ రోజు ఆయనకి చెప్పలేకపోయిన జవాబు ఏడాదిగా నా లోపలే తిరుగుతోంది. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. కొంచెం దూరం నుంచి, జీడిపప్పు దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

మాది పలాస పక్కనున్న కాశీబుగ్గ. శ్రీకాకుళం టౌనుకి ఉద్యోగం కోసం వచ్చాను కానీ, లెక్కల మీద ఇష్టం పుట్టింది మాత్రం అక్కడే. మా అమ్మ జీడి ఫ్యాక్టరీలో మొదట పప్పుకి పొట్టు తీసేది, తర్వాత గ్రేడింగ్‌లోకి మారింది. పలాస జీడిపప్పు కొన్నవాళ్లకి 180, 240, 320 అనే రకాలు తెలిసే ఉంటాయి. అవి ధరలు కావు, గుండ్ల లెక్కలు. ఒక పౌను, అంటే దగ్గర దగ్గర 454 గ్రాములు తూచితే గుండ్లు 240కి మించకూడదు. అది 240 రకం. గుండు పెద్దదయ్యేకొద్దీ అంకె తగ్గుతుంది, ధర పెరుగుతుంది.

వేసవి సెలవుల్లో అమ్మకి అన్నం క్యారేజీ పట్టుకెళ్లేవాణ్ణి. ఒకరోజు తను ఒక పౌను తూచి, తెల్లగుడ్డ పరిచి, గుండ్లు దాని మీద పోసి నన్ను లెక్కపెట్టమంది. పదేసి చొప్పున వరసలు పేర్చాను. ఇరవై నాలుగు వరసలు వచ్చాయి, ఒక్క గుండు కూడా మిగల్లేదు. సరిగ్గా 240. అక్కడితో ఆగొచ్చు. కానీ ఆ వరసలు చూస్తుంటే చెయ్యి ఊరుకోలేదు. చెరిపేసి పన్నెండేసి పేర్చాను, ఇరవై వరసలు. పదిహేనేసి పేరిస్తే పదహారు వరసలు. ఎనిమిదేసి పేరిస్తే ముప్పై. ఎలా పేర్చినా చివర ఏమీ మిగలడం లేదు. ఏడేసి పేర్చినప్పుడు మాత్రం రెండు గుండ్లు బయట నిలబడ్డాయి. అమ్మ చూసి, "ఏట్రా, లెక్కెట్టమంటే ముగ్గులెట్టేస్తున్నావు?" అని నవ్వి, ఒక గుండు తీసి నా నోట్లో పెట్టింది.

అది నములుతూ మళ్లీ పేర్చడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఉన్నవి 239. రెండేసి పేరిస్తే ఒకటి మిగిలింది. మూడేసి పేరిస్తే రెండు, ఐదేసి పేరిస్తే నాలుగు మిగిలాయి. పదకొండు, పదమూడు కూడా చూశాను. దేనికీ లొంగలేదు. అంతవరకు ఎటు చెప్తే అటు వంగిన పప్పు, ఒక్క గుండు తగ్గేసరికి మొండికేసింది. 239 ప్రధాన సంఖ్య అని, అటు పక్కనున్న 241 కూడా ప్రధాన సంఖ్యేనని హైస్కూల్లో తెలిసింది. ఆ రెండు మొండి సంఖ్యల మధ్య 240 అంత మెత్తగా ఎలా కూర్చుందో అన్న ఆశ్చర్యం నాకు ఇప్పటికీ పోలేదు.

240కి ఇరవై కారణాంకాలు ఉన్నాయి. అంటే శేషం లేకుండా దాన్ని భాగించే సంఖ్యలు ఇరవై. 240 కంటే చిన్న సంఖ్యల్లో దేనికీ ఇరవై లేవు. 180కి పద్దెనిమిది, దానికంటే చిన్నవాటిలో దేనికీ పద్దెనిమిది లేవు. తనకంటే చిన్న సంఖ్యలన్నిటినీ కారణాంకాల లెక్కలో ఓడించే ఇలాంటి సంఖ్యలకి రామానుజన్ హైలీ కాంపోజిట్ నంబర్లు అని పేరు పెట్టారు. తెలుగులో నేను అతిసంయుక్త సంఖ్యలు అంటాను. 2, 4, 6, 12, 24, 36, 48, 60, 120, 180, 240, 360 ఇలా వెళ్తుంది ఆ వరస. జీడిపప్పు రకాల్లో 180, 240 ఈ వరసలో ఉన్నాయి, 320 లేదు. అది కాకతాళీయమే, వ్యాపారులు కారణాంకాలు చూసి పెట్టిన అంకెలు కావు. అయినా పట్టికలో ఆ రెండూ కనిపించినప్పుడల్లా నాకు ఆ తెల్లగుడ్డే కనిపిస్తుంది.

రామానుజన్ 1914లో కేంబ్రిడ్జ్ చేరారు. ఆ ఏడే యుద్ధం మొదలైంది. శాకాహారి కాబట్టి తన వంట తనే వండుకునేవారు. మరుసటి ఏడు లండన్ మేథమేటికల్ సొసైటీ పత్రికలో ఈ సంఖ్యల మీద పెద్ద వ్యాసం వచ్చింది. 1916లో ఆయనకి కేంబ్రిడ్జ్ బి.ఏ. డిగ్రీ ఈ పరిశోధనకే వచ్చింది. ఆ వ్యాసంలోదే ఈ 102 సంఖ్యల పట్టిక. చివరి సంఖ్య 6746328388800, అంటే ఆరు లక్షల కోట్ల పైమాట. కంప్యూటర్ లేదు, కాలిక్యులేటర్ లేదు, అంతా చేత్తోనే.

ఆ పట్టికలో 240940299600 ఉంది, దానికి 4800 కారణాంకాలు. దాని తర్వాతి వరసలో 321253732800 ఉంది, దానికి 5376. ఈ రెంటి మధ్య ఉండాల్సిన సంఖ్య ఒకటి జారిపోయింది. అదే 293318625600. ఇరవై తొమ్మిది వేల మూడు వందల ముప్పై ఒక్క కోట్ల ఎనభై ఆరు లక్షల ఇరవై ఐదు వేల ఆరు వందలు.

దీన్ని విడదీస్తే ఆరు 2లు, నాలుగు 3లు, రెండు 5లు, రెండు 7లు, ఆ తర్వాత 11, 13, 17, 19 ఒక్కొక్కటి వస్తాయి. ఇవన్నీ గుణిస్తే ఆ సంఖ్య. కాగితం తీసుకుని ఒకసారి గుణించి చూడండి, పది నిమిషాల పని. కారణాంకాలు ఎన్నో తెలుసుకోవడానికి వాటిని ఒక్కొక్కటిగా వెతకక్కర్లేదు. ఒక కారణాంకం తయారుచేయాలంటే 2ని అసలు తీసుకోకపోవచ్చు, ఒకసారి తీసుకోవచ్చు, అలా ఆరుసార్ల దాకా తీసుకోవచ్చు. మొత్తం ఏడు దారులు. 3కి ఐదు దారులు, 5కి మూడు, 7కి మూడు, మిగిలిన నాలుగింటికి తలా రెండు. 7, 5, 3, 3 గుణిస్తే 315. నాలుగు రెళ్లు గుణిస్తే 16. 315ని 16తో గుణిస్తే 5040.

ఈ సంఖ్య గుణం ఎలాంటిదో రెండు ముక్కల్లో చెప్తాను. 1 నుంచి 22 దాకా ఏ సంఖ్యతో భాగించినా శేషం ఉండదు. మొదటిసారి మిగిలేది 23 దగ్గరే. మళ్లీ 24 నుంచి 28 వరకు అన్నిటితోనూ పోతుంది. 1 నుంచి 22 దాకా ఉన్న సంఖ్యల క.సా.గు. 232792560. మన సంఖ్య దానికి సరిగ్గా 1260 రెట్లు. ఆ 1260 కూడా అతిసంయుక్త సంఖ్యే, రామానుజన్ పట్టికలో ఉన్నదే. ఇక మన సంఖ్యలోంచి ఒక్కటి తీసేయండి, అమ్మ ఒక గుండు తీసినట్టు. 2తో భాగిస్తే 1 మిగులుతుంది, 3తో భాగిస్తే 2, 4తో భాగిస్తే 3, ఇలా 22తో భాగిస్తే 21 మిగిలేదాకా ఒక్కదానితోనూ పోదు.

నాకు ప్రాణమైన సంగతి ఇంకొకటి ఉంది. ఈ సంఖ్యకి కారణాంకాలు 5040 అన్నాను కదా. మరి 5040కి ఎన్ని? 60. ఆ 60కి పన్నెండు. పన్నెండుకి ఆరు. ఆరుకి నాలుగు. మొదటి పెద్ద సంఖ్య నుంచి నాలుగు దాకా ప్రతి మెట్టూ అతిసంయుక్త సంఖ్యే. 60, 12, 6 మన చేతి అంకెలు. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై సంవత్సరాలు, ఏడాదికి పన్నెండు నెలలు, ఆరు ఋతువులు. రోజుకి అరవై ఘడియలు. పంచాంగం చూసి పెరిగిన ఇంట్లో ఈ అంకెలు ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు. ఇరవై తొమ్మిది వేల కోట్ల దగ్గర మొదలైన మెట్లు దిగుతూ దిగుతూ మన ఇంటి గోడ మీది క్యాలెండర్ దగ్గరికి వచ్చి ఆగుతాయి. మొదటిసారి ఈ వరస కాగితం మీద రాసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

5040కి కూడా పెద్ద చరిత్రే ఉంది. ఆదర్శ నగరంలో 5040 మంది పౌరులు ఉండాలని ప్లేటో రాశాడు, ఎన్ని రకాలుగానైనా సమంగా పంచుకోవచ్చని. ఇక మన కాలానికి వస్తే, 1859లో జర్మన్ గణితవేత్త రీమన్ వేసిన ఊహ ఒకటి గణితంలో ఇప్పటికీ తేలకుండానే ఉంది. ఒక సంఖ్య కారణాంకాలన్నీ కూడితే వచ్చే మొత్తానికి ఒక హద్దు ఉంది, 5040 దాటిన ఏ సంఖ్యా ఆ హద్దుని మీరకపోతే రీమన్ ఊహ నిజమే, ఒక్కటి మీరినా అబద్ధమే అని ఫ్రాన్స్‌కి చెందిన గై రాబిన్ 1984లో నిరూపించాడు. రామానుజన్ వ్యాసంలో కొంత భాగం అప్పట్లో అచ్చు కాలేదు, సొసైటీకి డబ్బు ఇబ్బందులు ఉన్నాయని ఖర్చు తగ్గించడానికి ఆపేశారు. ఆ భాగాన్ని 1997లో వెలుగులోకి తెచ్చిన ఇద్దరిలో ఒకరు ఇదే రాబిన్, రెండోవారు నికొలా.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. పట్టికలో ఇంకా ముందు 13967553600 అని ఒక సంఖ్య ఉంది, రామానుజన్ రాసిందే. దానికి 2688 కారణాంకాలు. ఆ సంఖ్యని 23తో గుణిస్తే 321253732800 వస్తుంది. అది పట్టికలో ఉంది. అదే సంఖ్యని 21తో గుణిస్తే 293318625600. అది లేదు. 23 అప్పటిదాకా ఆ సంఖ్యలో లేని కొత్త ప్రధాన సంఖ్య. దాంతో గుణిస్తే కారణాంకాలు ఒక్క దెబ్బకి రెట్టింపవుతాయి, 5376. 21 అంటే 3, 7. రెండూ అప్పటికే లోపల ఉన్నవే, వాటికి మరొక్కొక్కటి చేర్చడమే. అలా చేరిస్తే 2688 కాస్తా 5040 అవుతుంది. రెట్టింపుకి కొంచెం తక్కువ. కానీ సంఖ్య కూడా 23తో గుణించినప్పటి కంటే చిన్నదే కాబట్టి, తన చోట తను గెలుస్తుంది.

జారిపోయిన వరస అంత సన్నని సందులో ఉంది. అక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. 146659312800 అనే సంఖ్యలో పెద్ద ప్రధాన సంఖ్య 19. దాని తర్వాత పట్టికలో వచ్చే రెండు సంఖ్యల్లోనూ 23 ఉంది. ఇక వెనక్కి వెళ్లదులే అనిపిస్తుంది. కానీ మన సంఖ్య మళ్లీ 19 దగ్గరికి దిగి, ఆ తర్వాతిది 23కి ఎక్కుతుంది. సెకనుకొకటి చొప్పున లెక్కపెడితే తొమ్మిది వేల ఏళ్లకి పైగా పట్టే సంఖ్య ఇది. దీనికంటే చిన్నవాటిలో దేనికీ ఇన్ని కారణాంకాలు లేవని ఒక్కొక్కటి చూసి తేల్చడం ఏ మనిషి వల్లా కాదు. నియమాలు కనిపెట్టి వడపోయాల్సిందే. ఆ నియమాలు కనిపెట్టింది రామానుజనే. అతిసంయుక్త సంఖ్యలో చిన్న ప్రధాన సంఖ్యలు ఎక్కువసార్లు లేదా సమానంగా, పెద్దవి తక్కువసార్లు రావాలి. అన్నిటికంటే పెద్దది ఒక్కసారే రావాలి, 4, 36 తప్ప. ఇది ఆయన అదే వ్యాసంలో నిరూపించారు. మన సంఖ్యని ఆ కొలతతో కొలవండి: 6, 4, 2, 2, 1, 1, 1, 1. ఎక్కడా కట్టు తప్పలేదు. ఆయన గీసిన గీతలోనే నిలబడింది, ఆయన పట్టికలోకి మాత్రం రాలేదు.

ఇది తప్పు లెక్క కాదు, తప్పిపోయిన లెక్క. ఆ రోజు ఆ పెద్దాయనకి నేను చెప్పాల్సింది ఇదే.

గణిత దినోత్సవం అనగానే పిల్లలకి ఏం చెప్తున్నామో చూడండి. నామగిరి అమ్మవారు కలలో సూత్రాలు చెప్పింది. ఆసుపత్రి మంచం మీద పడుకుని టాక్సీ నంబరు వినగానే 1729 రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగల అతి చిన్న సంఖ్య అని చెప్పేశాడు. అవి విన్న ఎనిమిదో తరగతి పిల్లాడికి అర్థమయ్యేది ఒక్కటే: లెక్కలు కొందరికి పైనుంచి వస్తాయి, నాకు రాలేదు కాబట్టి నేను ఆ కొందరిలో లేను. నిజానికి 1729 సంగతి ఆయన అంతకు ఏళ్ల ముందే తన నోటుబుక్కులో రాసుకున్నారు. ఆ క్షణం వెనక ఎన్ని రాత్రుల పని ఉందో మనం చెప్పం. కథకి అడ్డం వస్తుందని వదిలేస్తాం.

పట్టిక దగ్గర అలా వదిలేయడానికి వీల్లేదు. 102 వరసలు చూసిన పిల్లలు మొదట అడిగే మాట, "ఇవన్నీ చేత్తోనే రాశారా మాస్టారూ?" అని. అవునన్నప్పుడు వాళ్ల మొహం చూడాలి. ఆ తర్వాత ఎర్ర అక్షరాల వరస చూపిస్తే, కూర్చుని పని చేసిన మనిషి కనిపిస్తాడు. ఒక చలికాలపు గదిలో పెన్ను పట్టుకుని, వరస తర్వాత వరస దిగుతూ, ఒక్కచోట 21ని దాటి 23 మీద కాలు పెట్టిన మనిషి. నాకు ఆయన మీద గౌరవం ఈ వరస చూశాకే పదింతలైంది.

ఇలా చెప్తే పిల్లలు తప్పులు చేయడానికి అలుసు తీసుకుంటారని కొందరు తల్లిదండ్రులు కూడా అన్నారు. వాళ్ల భయం నాకు తెలుసు. ఒక్క మార్కు తేడాతో సీట్లు పోతున్న కాలం ఇది, ఇంట్లో అందరికీ టెన్షనే. కానీ ఈ వరస ఎందుకుండాలో తేల్చాలంటే పిల్లలు నాలుగైదు పేజీలు లెక్క చేయాలి, చేసింది మళ్లీ సరిచూసుకోవాలి. అలుసుగా తీసుకున్నవాడు రెండో పేజీకే ఆగిపోతాడు. ఒక అంకె తప్పిందని పేజీ మొత్తం కొట్టేసి సున్నా పెట్టే దిద్దుబాటు చూసి పెరుగుతున్న పిల్లలకి, పేజీలో ఎంత సరిగ్గా ఉందో కూడా చూడాలని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. ఇక ఆయన పుట్టినరోజున చెప్పొచ్చా అంటారా, ఆ రోజు కాక ఇంకెప్పుడు చెప్తాం? మిగతా రోజుల్లో సిలబస్సే సరిపోదు.

సాయంత్రాలు మా ఇంటికి ట్యూషన్‌కి ఆరేడుగురు పిల్లలు వస్తారు. చార్టు బీరువా మీద చుట్టి పెట్టి ఉంటే ఒక అమ్మాయి, ఎనిమిదో తరగతి, అదేంటని అడిగింది. కింద పరిచి చూపించాను. 21, 23 సంగతి చెప్పాను. "మరి 22 ఎందుకు కాదు మాస్టారూ?" అంది. నువ్వే చూడమన్నాను. 22 అంటే 2, 11. 2లు ఆరు కాస్తా ఏడవుతాయి, 11లు రెండవుతాయి. ఎనిమిది దారులు, నాలుగు, మూడు, రెండు, మూడు, ఇలా గుణించుకుంటూ వెళ్లి 4608 అని తేల్చింది. ఊరుకోలేదు. 20 చూసింది, మళ్లీ 4608. 18 చూసింది, అదీ 4608. మూడుసార్లూ ఒకే అంకె వచ్చేసరికి తప్పు చేశానేమోనని మొదటి నుంచి మళ్లీ చేసింది. మళ్లీ అదే వచ్చింది. 19కి 4032. 24 కూడా చూస్తానంది. అది 23ని దాటిపోతుందని తెలిసినా వద్దనలేదు. 4800 వచ్చింది. చీకటి పడిపోయింది, వాళ్ల నాన్నగారు బయట బండి మీద ఎదురుచూస్తున్నారు. "23ని పక్కన పెడితే 21 ఒక్కటే ఐదు వేలు దాటింది" అని పుస్తకంలో రాసుకుని, రెండు గీతలు గీసుకుని లేచింది.

చుట్టి చుట్టి ఆ షీట్లు అతుకు దగ్గర చిరిగాయి. నిన్న రాత్రి అన్నం మెతుకులతో మళ్లీ అతికించాను. చిరుగు సరిగ్గా ఎర్ర వరస మీదుగా వెళ్లింది, అంకెలు కొన్ని చెరిగిపోయాయి. ఆ వరస మళ్లీ రాయమని ఎర్ర స్కెచ్ ఆ అమ్మాయికే ఇచ్చాను. ఈ 22న చార్టు మళ్లీ బడికి పట్టుకెళ్తున్నాను. ముందు ఆ పెద్దాయన దగ్గరికే తీసుకెళ్లి, టేబుల్ మీద పరిచి, తన లెక్క చూపించమని ఆ అమ్మాయినే అడుగుతాను.